వారాల అన్నం నుంచి వసతి దీవెన దాకా



మా బడి మాస్టారి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం నన్ను చేయమన్నప్పుడు ఆయన పాఠాలకన్నా ముందు ఆయన ప్రశ్న గుర్తొచ్చింది. ఫలితాలు వచ్చిన మర్నాడు బడి వరండాలో చాప పరుచుకుని కూర్చునేవారు. మార్కులెన్ని అని అడిగేవారు కాదు. "కాగితాలు తెచ్చినావాప్పా?" అనేవారు. ఆ ప్రశ్న వెనక ఉన్న చరిత్రే ఈ సాయంత్రం నేను చెప్పదలిచింది. మన సీమలో పేదపిల్లల చదువుకు డబ్బు ఎవరిచ్చారు, ఎవరికి అందింది, అది ఉందన్న సంగతి ఎవరి చెవిన పడింది?

మన తాతల కాలంలో స్కాలర్‌షిప్ అనే మాట లేదు. వారాలుండేవి. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట తిని, రాత్రి ఏ సత్రం అరుగు మీదనో పడుకుని చదువుకునేవారు. అంతకుముందు రాజులిచ్చిన అగ్రహారాలుండేవి. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు వచ్చినప్పుడూ ఆ సంప్రదాయం సాగింది. అన్నం పెట్టిన ఆ తల్లులకు దండం పెడతాను. కానీ ఆ విస్తరి ముందు కూర్చోగలిగింది ఎక్కువగా బ్రాహ్మణుల మగపిల్లలే. ఊరి బయట ఉన్న వాడల పిల్లవాడికి ఏ ఇంటా వారం లేదు. ఈ మాట దాటేసి మన దానగుణం గురించి చెప్పుకోవడం నాకు చేతకాదు.

1823 ఆగస్టులో బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ మద్రాసుకు ఒక నివేదిక పంపాడు. బడుల లెక్క తీయమని అంతకు ఏడాది ముందు గవర్నర్ మన్రో అడిగాడు. అనంతపురం జిల్లా బళ్లారి నుంచి విడిపోయి 1882లో గాని పుట్టలేదు కాబట్టి, ఆ లెక్కలో మన ఊళ్లున్నాయి. 9,27,857 మంది జనానికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. జిల్లా మొత్తానికీ 60 మంది! ఒకప్పుడు బడులున్న ఊళ్లలో ఇప్పుడు లేవని, జనం చితికిపోవడమే దానికి కారణమని ఆయన రాశాడు. ఆ 533 బడుల్లో ఒక్కదానికీ సర్కారు సాయం అందడం లేదని చెప్పడానికి తనకు సిగ్గుగా ఉందని కూడా రాశాడు. ఆ సిగ్గు సర్కారు లెక్కల్లో ఒక పద్దుగా మారడానికి చాలా కాలం పట్టింది.

ఆ పద్దు వెనక ఒక విద్యార్థి ఉన్నాడు. 1913లో బరోడా మహారాజు నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్లు ఇస్తానంటే అంబేడ్కర్ న్యూయార్క్ వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరాడు. ఒక్క స్కాలర్‌షిప్ ఒక మనిషిని ఎక్కడికి తీసుకెళ్తుందో ఆయనకు తన ఒంటి మీదే తెలుసు. అందుకే 1942లో వైస్రాయి కౌన్సిల్ సభ్యుడు కాగానే షెడ్యూల్డ్ కులాల పిల్లల ఉన్నత చదువుకు డబ్బు కావాలని పట్టుబట్టాడు. 1944లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలైంది. తర్వాత గిరిజనులకూ వెనుకబడిన తరగతులకూ విస్తరించింది. ఈ సభలో ఉన్నవాళ్లలో చాలామందిమి ఆ కొమ్మకు కాసిన కాయలమే.

మన దగ్గరే జరిగిన ఇంకో పెద్ద పని కొడిగెనహళ్లి గురుకులం. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో గురుకులం మొదలైంది. మరుసటి ఏడాది కోస్తాకు తాడికొండ, సీమకు కొడిగెనహళ్లి వచ్చాయి. పరీక్ష రాసి గెలిస్తే తిండి, పడక, చదువు అన్నీ అక్కడే. హిందూపురం పక్క పల్లెకు సీమ నలుమూలల నుంచీ ట్రంకుపెట్టెలు మోసుకుని పిల్లలు వచ్చారు. వారాల అన్నం మొదటిసారి అందరికీ ఒకే పంక్తిలో వడ్డించిన చోటు అదేనని నేను నమ్ముతాను.

ఇక నా సంగతి. మాది ధర్మవరం, నాయన మగ్గం గుంటలోనే బతుకంతా గడిపాడు. నా స్కాలర్‌షిప్ దరఖాస్తు మాస్టారే నింపారు, మొదటి ఏడాది డబ్బు వచ్చింది. రెండో ఏడాది రెన్యువల్ చేయించాలని నాకు తెలియదు. కాగితాలిచ్చిన ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. గడువు దాటింది. ఆ ఏడు ఫీజుకు అమ్మ ముక్కుపుడక కుదువకు పోయింది. సంగతి విని మాస్టారు తనను తానే తిట్టుకున్నారు. అప్పుడు కొన్నారు ఎర్ర అట్ట నోటుబుక్కు. ప్రతి పిల్లవాడి పేరు, ఊరు, రెన్యువల్ నెల. ఆయన పోయాక వాళ్లింట్లోవాళ్లు దాన్ని నా చేతిలో పెట్టారు.

ఇప్పుడు దారులు చాలా ఉన్నాయి. పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థ 1981 నుంచి విశ్వవిద్యాలయ స్థాయిలో ఫీజు లేకుండా చదివిస్తోంది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ పల్లెపిల్లల పైచదువులకు తోడుంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి కాలంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి, ఇంజనీరింగ్ అన్న మాట కూలి ఇళ్లలోకి అడుగుపెట్టింది. 2020లో వసతి దీవెన అని ఐటీఐకి 10 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, డిగ్రీకి 20 వేలు తల్లుల ఖాతాలో వేశారు. 2024లో ప్రభుత్వం మారాక పథకాల పేర్లూ మారాయి. బకాయిలు పడ్డప్పుడల్లా నలిగేది పిల్లలే, ఏ ప్రభుత్వమున్నా అంతే. దీని మీద మనం గట్టిగా అడగాలి.

అయితే నా గుండె మండేది అడగకుండా మిగిలిపోయే డబ్బు గురించి. ఎనిమిదో తరగతి సర్కారు బడి పిల్లలకు ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది, నెగ్గితే ఇంటర్ దాకా ఏడాదికి 12 వేలు. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చిన పేదపిల్లలకు కేంద్రం డిగ్రీలో ఏటా 12 వేలిస్తుంది, కళాశాల బెంగళూరులో ఉన్నా సరే. మన సరిహద్దు ఊళ్లకు ఇది ముఖ్యం, ఎందుకంటే రాష్ట్రం ఇచ్చే ఫీజు సాధారణంగా రాష్ట్ర సరిహద్దు దాటి రాదు. ఇక ధర్మవరం నేతన్నలారా, చేనేత కార్మికుల పిల్లలు ఇద్దరి దాకా టెక్స్‌టైల్ డిప్లొమా, డిగ్రీ చదివితే ఏడాదికి 2 లక్షల వరకు కేంద్ర సాయం ఉంది. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరున చేనేత సాంకేతిక సంస్థే ఉంది. మీ గుర్తింపు కార్డు బీరువాలో పడి ఉంటే ఆ 2 లక్షలు ఢిల్లీలోనే ఉంటాయి.

ఎర్ర నోటుబుక్కు ఇదిగో, నా చేతిలో ఉంది. చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయి. రేపు ఉదయం పది గంటలకు మాస్టారి శిష్యులం నలుగురం అదే వరండాలో కూర్చుంటాం. కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, ఆధార్ కలిపిన బ్యాంకు పాసుపుస్తకం, మార్కుల జాబితా పట్టుకుని రండి. ఏది లేకపోయినా రండి, మీసేవకు మేమే తోడు వస్తాం.