కొండబాట - ముందుచూపు

సెలవులు వచ్చినంతనే నలుగురు మిత్రులు కూడి ఏ కొండకో, ఏ అడవికో పోవలెనని ఉబలాటపడుట సహజము. అట్టి ఉత్సాహమును చల్లార్చుట మా ఉద్దేశము కాదు. క్షేమముగా తిరిగివచ్చిన యాత్రయే మధురమైన జ్ఞాపకమగునని మాత్రము మనవి చేయుచున్నాము.

ఉదాహరణమునకు నంద్యాల జిల్లాలోని అహోబిలమును తీసికొందము. నల్లమలలోని ఈ క్షేత్రమున నరసింహుని ఆలయములు తొమ్మిది కలవు. దిగువ అహోబిలమునుండి ఎగువ అహోబిలమునకు సుమారు 8 కిలోమీటర్లు. అంతవరకు బస్సు పోవును. ఆ పైన భవనాశి వాగు వెంబడి, బండరాళ్ల మీదుగా జ్వాలా నరసింహుని సన్నిధికిని, ఇంకను నిటారుగా ఉగ్రస్తంభమునకును కాలినడకనే పోవలెను.

ఇట్టి త్రోవలో మొదట ఆలోచింపవలసినది దూరము కాదు, మనుష్యులను గూర్చి. అందరికంటె మెల్లగా నడచువాని నడకయే బృందము నడక. అతనిని వెనుక విడిచి ముందునకు ఉరుకుట ధైర్యమనిపించుకొనదు. ముందు త్రోవ తెలిసినవాడు, చివర ఓర్పుగలవాడు నడువవలెను.

రెండవది కాలము. తెల్లవారగనే బయలుదేరవలెను. ఏ గంటకు వెనుకకు మరలవలెనో క్రిందనే నిశ్చయించుకొనవలెను. శిఖరము ఎదుటనే కనబడుచున్నను ఆ గంట కాగానే మరలవలసినదే. అలసిన కాళ్లు దిగునపుడే తడబడును. అడవిలో చీకటి త్వరగా క్రమ్మును.

మూడవది నీరు. త్రోవలో దొరకునను నమ్మకమున బయలుదేరరాదు. ఎండదెబ్బకు, విరేచనములకు ముందుగా ఒక ఉపాయము చేసికొనవచ్చును. కాచి చల్లార్చిన 1 లీటరు నీటిలో 6 చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపి ఉంచుకొనవలెను. చెంచా అనగా టీచెంచాయే, తలగొట్టి కొలువవలెను. ఉప్పు ఎక్కువైన మేలుకు బదులు కీడు కలుగును.

వానకాలమున వాగులను నమ్మరాదు. మన నెత్తిన ఆకాశము నిర్మలముగా నున్నను, పైకొండలలో కురిసిన వాన క్షణములలో వాగును పొంగించును. ఉరవడిగా పారు నీటిని దాటుటకంటె ఆగుటయే మేలు. ఉరుము వినబడిన కొండకొమ్మును, ఒంటిచెట్టు నీడను విడువవలెను. చివరి ఉరుము తరువాత 30 నిమిషముల వరకు బయట తిరుగరాదు.

పాము కరచిన, కోయుట, నోటితో పీల్చుట, బిగించి కట్టుట కూడదు. కరచిన అవయవమును కదలనీయక, రోగికి ధైర్యము చెప్పుచు, విషమునకు విరుగుడు సూదిమందు గల ఆసుపత్రికి వెంటనే చేర్పవలెను.

వేసవిలో కొండగడ్డి ఎండి నిప్పునకు సిద్ధముగా నుండును. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చు చెలరేగి, కాలినడకను విహరించుచున్నవారిలో 20 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. నిప్పు కొండపైకి మనుష్యునికంటె వేగముగా ప్రాకును. కావున అటవీశాఖవారి అనుమతి లేనిదే అడవిలో అడుగిడరాదు. వారు వలదన్న దినమున వాదింపక ఇంటికి మరలవలెను. అనుమతి యడుగుట అనగా మనము ఎక్కడ నున్నామో ఒకరికి తెలియజేయుటయే.

అదే కారణమున ఇంటిలోను ఒక కాగితము వ్రాసి ఉంచవలెను: ఎవరెవరు పోవుచున్నారు, ఏ త్రోవను, ఏ వేళకు తిరిగి వత్తురు. చేతిలోని ఫోను కొండల నడుమ పలుకకపోవచ్చును. ఆ కాగితము మాత్రము పలుకును. వేళ మించినపుడు ఎవరిని, ఎక్కడ వెదకవలెనో అదియే చెప్పును.

ఇన్ని జాగ్రత్తలు వినోదమునకు సంకెళ్లని యువకులు తలంపవచ్చును. కాని నీటికి, దారికి వెదుకులాట లేనివానికే చెట్టుమీది పిట్ట పాట వినబడును, లోయలోని పచ్చదనము కంటబడును. కొండ ఎక్కడికిని పోదు. ఈసారి అందని శిఖరమును మరియొకసారి అందుకొనవచ్చును. ఇంటిలో మనకొరకు ఎదురుచూచు కన్నులను మాత్రము మరువరాదు.