కంటి వెనుక చిరిగిన రక్తనాళం



మేము బడిపంతుళ్ళం, డాక్టర్లం కాదు. అయినా కమిటీ వారు ఈ విషయం చెప్పమని మాకే అప్పగించారు. పోయిన ఏడాది మీ డబ్బుతో బాగుపడిన కుర్రాడు మా బడిలో చదివినవాడు.

బైకు మీద నుంచి పడ్డాడు. హెల్మెట్ లేదు. తలకు కుట్లు వేసి ఇంటికి పంపారు. మూడు వారాలకు ఎడమ కన్ను ఎర్రబడి ముందుకు ఉబికింది. కండ్లకలక అనుకుని చుక్కల మందు వేస్తూ పోయారు. "సార్, తలలో బుస్ బుస్‌మని ఒకటే చప్పుడు, నాడి కొట్టుకున్నప్పుడల్లా వస్తోంది" అని వాడు చెబితే, నిద్ర చాలక అలా ఉందిలే అన్నాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అది కంటి జబ్బు కాదు. మెదడుకు రక్తం తీసుకెళ్ళే కరోటిడ్ ధమని కంటిగూటి వెనుక ఒక సిరల గుంపులోంచి పోతుంది. దాన్ని కావర్నస్ సైనస్ అంటారు. దెబ్బకు అక్కడ ధమని గోడ చిరిగితే, జోరుమీదున్న రక్తం సిరల్లోకి దూకి కంటివైపు ఎదురుతన్నుతుంది. కన్ను ఉబికినా, చప్పుడు వినిపించినా కారణం అదే. ఆలస్యమైతే చూపు పోవచ్చు, కొందరికి మెదడులో రక్తస్రావం కూడా కావచ్చు.

1970లలో మాస్కో డాక్టర్ సెర్బినెంకో ఇలాంటి చిల్లులను చిన్న బెలూన్లతో మూసే పద్ధతి చూపించారు. తర్వాత ప్లాటినం కాయిల్స్ వచ్చాయి. మన కుర్రాడికి వేసింది కవర్డ్ స్టెంట్. మామూలు స్టెంట్ వల లాంటిది, సందుల్లోంచి రక్తం కారిపోతుంది. దీనికి పలుచని పొర ఉంటుంది, మన దోసె పెనం మీది టెఫ్లాన్ జాతి పదార్థమే. గజ్జలోని ధమని గుండా సన్న గొట్టంతో పైకి పంపి, ఎక్స్‌రేలో చూస్తూ చిరిగినచోట విప్పుతారు. చిల్లు మూసుకుంటుంది, రక్తం దారి మాత్రం తెరిచే ఉంటుంది.

అందరికీ ఇది కుదరదు. ఇది కాస్త బిరుసు, అక్కడ ధమనికేమో మెలికలెక్కువ. పైగా కంటికి వెళ్ళే కొమ్మలాంటిది అదే చోట ఉంటే, పొర దాన్నీ మూసేస్తుంది. అందుకే యాంజియోగ్రామ్ చూశాకే డాక్టర్లు తేలుస్తారు.

మర్నాడు పొద్దునకి చప్పుడు ఆగిపోయింది. చూపు పూర్తిగా రాలేదు కానీ పుస్తకం చదువుకుంటున్నాడు.

ఇక అసలు సంగతి. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలు డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడాలి. మధ్యలో సొంతంగా ఆపితే పక్షవాతం రావచ్చు. రెండో నెలలో వాళ్ళింటికి వెళ్తే తల్లి, "మాత్రలు అయిపోయి వారమైంది సార్, బాగానే ఉన్నాడు కదా" అంది. ఆపరేషన్ చెక్కు ఇచ్చినప్పుడు అందరం నిలబడి ఫోటో దిగాం. మాత్రల సంగతి ఒక్కరమూ అడగలేదు, మేము కూడా. ఆ రాత్రే కొనిచ్చాం, అల్లాహ్ దయవల్ల ఏమీ కాలేదు.

అందుకే ఈ ఏడాది నుంచి ఆపరేషన్ సాయంతోపాటు మందులకూ, తిరిగి చూపించుకోవడానికి అయ్యే బస్సు చార్జీలకూ వేరే పద్దు తెరిచాం. మందుల చీటీలు ప్రతి నెలా మొదటి శుక్రవారం జుమా నమాజు తర్వాత ఆఫీసులో తీసుకుంటాం.