ఇంటికి ఏ కాఫీ ఫిల్టర్?

కాఫీ పరికరం కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: కావలసింది పాలు కలుపుకునే చిక్కటి డికాక్షనా, పాలు లేని కాఫీయా?

డికాక్షన్‌కి మన స్టీలు ఫిల్టరే మేలు. కరెంటు అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. పొడి వేసి వేడినీళ్లు పోస్తే సారం చుక్కచుక్కగా దిగుతుంది. కొనేటప్పుడు పై గిన్నెను వెలుతురుకు ఎత్తి చూడండి. చిల్లులు సన్నగా, సమానంగా ఉండాలి. పెద్దవైతే పొడి కిందికి జారుతుంది. ఇత్తడిదైతే లోపల కళాయి పూత ఉండాలి. ఇద్దరికి పెద్ద ఫిల్టర్ వద్దు. పొడి పల్చగా పరుచుకుని నీళ్లు గబగబా దిగిపోతాయి, డికాక్షన్ పలచబడుతుంది.

తొందరగా కావాలంటే ఇటలీలో 1933లో పుట్టిన మోకా పాట్ ఉంది. ఆవిరి ఒత్తిడికి పొయ్యి మీదే కాఫీ పైగిన్నెలోకి పొంగుతుంది. ఇండక్షన్ పొయ్యి అయితే దానికి పనికొచ్చే స్టీలు రకం అడగండి.

పాలు లేకుండా తాగేవారికి ఫ్రెంచ్ ప్రెస్ చాలు. బరక పొడిని వేడినీళ్లలో 4 నిమిషాలు నానబెట్టి, జల్లెడను కిందికి నొక్కడమే.

ఏది కొన్నా విడదీసి కడుక్కునే వీలుండాలి. అరకు గింజ ఎంత మంచిదైనా, జిడ్డు పట్టిన ఫిల్టర్‌లో దాని పరిమళం నిలవదు.