మాట పడినవాడు రోగం దాచుకుంటాడు
(విడపనకల్లు యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ పూట మన ఆటపాటల గురించి కాదు, దగ్గు గురించి మాట్లాడతాను.

మా అవ్వ మూడు నెలలు దగ్గింది. ఎవరికీ చెప్పనియ్యలేదు. "తెలిస్తే బోరింగు కాడ బిందె పెట్టనియ్యరు, కూలికి పిలవరు" అనేది. ఆమె భయపడింది క్షయకు కాదు, ఊరి నోటికి. బయటపడేసరికి ఇంట్లో ఇంకో ఇద్దరికి అంటింది.

ఈ భయం ఊరికే రాలేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. యెరుకల, సుగాలి వంటి తెగల్లో ఎన్నో గుంపులపై పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేశారు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది, అనుమానం మాత్రం మిగిలింది. 2018లో పార్ధీ ముఠా పిల్లల్ని ఎత్తుకుపోతోందని మన ఫోన్లలోనూ పుకారు తిరిగింది. పార్ధీలూ ఆ ముద్ర మోసినవాళ్ళే. అదే ఏడు జూలై 1న మహారాష్ట్రలోని రాయిన్‌పాడాలో ఇలాంటి పుకారుకే ఐదుగురు సంచార జాతివాళ్ళను కొట్టి చంపారు. ఇట్లా భయపడినవాళ్ళు ఆసుపత్రి గడప తొక్కుతారా? పిల్లలకు టీకా వేయించడానికి నలుగురిలోకి వస్తారా?

ద్వేషం ఒకవైపు నుంచే రాదు. కరోనా కాలంలో వైద్య సిబ్బందిపై దాడులు పెరిగి, 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. వలసపోయి తిరిగొచ్చిన మనవాళ్ళను మన తాండాల్లోనే దూరం పెట్టలేదా? గుండెల మీద చేయి వేసుకుని చెప్పండి.

చట్టం మన పక్కన ఉంది. ఎస్సీ, ఎస్టీలను ఉమ్మడి నీటి దగ్గర గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడ్డుకోవడం అత్యాచార నిరోధక చట్టం కింద నేరం. 14566కు ఫోన్ చేయవచ్చు.

మన వంతు పని కూడా ఉంది. రెండు వారాలు దాటిన దగ్గుంటే గళ్ళ పరీక్ష ఉచితం, మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు విడవకుండా మింగితే నయమవుతుంది. ఆ మనిషిని మీ బండి మీద మీరే తీసుకుపోండి. ఇంటికొచ్చిన ఆశా అక్కకు మంచం వాల్చి, నీళ్ళిచ్చి మాట్లాడండి. పుకారు మీ ఫోన్‌కొస్తే అక్కడే ఆపండి.

మా అవ్వ బతికింది. అయితే ఆ మూడు నెలల మౌనం ఇంకే ఇంటికీ రాకూడదు. ఆ బాధ్యత మీ చేతుల్లో పెడుతున్నాను. రాం రాం.