కృష్ణ ఒడ్డున పాత రేవులు, పాత రాతలు



కృష్ణమ్మ విజయవాడ దాటి సముద్రం దాకా ఒండ్రు నేల పరిచింది. ఈ నేల ఇప్పుడు వరికి పేరు. పూర్వం ఓడరేవులకు పేరు.

దాదాపు రెండువేల ఏళ్ల కిందట ఒక గ్రీకు నావికుడు సముద్ర వ్యాపారం మీద పుస్తకం రాశాడు. మసాలియా అనే సీమలో సన్నని నూలుబట్టలు బాగా నేస్తారని అందులో ఉంది. ఆ మసాలియా ఈ తీరమే. ఘంటసాల అప్పటి రేవు అని పండితులు చెబుతారు. శాతవాహన రాజులు ఓడ బొమ్మతో నాణేలు కూడా వేయించారు.

ఓడలు ఇక్కడికే ఎందుకు వచ్చాయి? పైసీమ సరుకు నది వెంట కిందికి దిగుతుంది. సముద్రం మీద ఓడ దాన్ని దూరదేశాలకు మోస్తుంది. ఏరూ సముద్రమూ కలిసే చోటే బేరానికి మంచి చోటు.

గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు పెద్ద రేవు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వ్యాపారానికి దిగారు. బందరు అద్దకం బట్టలు పర్షియా దాకా పోయేవి. 1864లో ఉప్పెన వచ్చింది. సుమారు 30,000 మంది చనిపోయారు. ఊరు బాగా దెబ్బతింది. అయినా అద్దకం పని పోలేదు. పెడనలో ఇప్పటికీ చేస్తున్నారు.

పని చేతుల్లో నిలిచింది. మరి రాళ్లు?

అమరావతి స్తూపం రాళ్లు కొన్ని సున్నం బట్టీలో కాలిపోయాయి. చాలా రాళ్లు చెన్నైకి, లండన్‌కు చేరాయి. భట్టిప్రోలు స్తూపం చలువరాళ్లను కాలువ పనికి వాడేశారు. 1892లో అక్కడే తవ్వితే రాతి పేటికలు బయటపడ్డాయి. వాటి మీద ప్రాకృత భాషలో రాతలున్నాయి. దక్షిణ దేశంలో దొరికిన చాలా పాత రాతల్లో అవి ఉన్నాయి. కుబీరకుడనే రాజు పేరుంది. మామూలు మనుషుల పేర్లూ ఉన్నాయి.

చూశారా! రాసి ఉంచబట్టే రెండువేల ఏళ్ల తరవాత కూడా ఆ పేర్లు తెలిశాయి. ఆ పేటికలు కూడా కాలువ పనికి పోయి ఉంటే?

అందుకే పొలం దున్నేటప్పుడో, పునాది తీసేటప్పుడో చెక్కిన రాయి గానీ పాత నాణెం గానీ దొరికితే పగలగొట్టొద్దు. అమ్ముకోవద్దు. మండల ఆఫీసులో చెప్పండి.

మీ ఊళ్లో పాత దిబ్బ ఉందా? దాన్ని ఏమని పిలుస్తారు? పెద్దలను అడగండి. వాళ్లు చెప్పింది మీ చేత్తో మీరే నోటుబుక్కులో రాసి పెట్టండి.