మంచునీటిలో చేయి

 

మాకు నాటకం నేర్పిన మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసాల్లో ఇప్పటిదాకా మన రంగస్థలం గురించే మాట్లాడుకున్నాం. ఈ ఏడు ఒక అమెరికన్ నటి గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు పెద్ద మనసుతో ఒప్పుకున్నారు. ఆ నటిని నాకు పరిచయం చేసింది మాస్టారే. రిహార్సల్స్‌లో ఆయన పెట్టిన చివాట్లలో సగం చేతుల గురించే. “నోరు మాట్లాడుతోంది, బాగానే ఉంది. ఆ చేతులేం చేస్తున్నాయిరా?” అనేవారు. జవాబు తోచక చేతులు వెనక్కి దాచుకునేవాళ్ళం. ఒక రాత్రి ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనకు మా పదిమందినీ వెంటబెట్టుకెళ్ళారు. 1920 నాటి మూకీ, ‘వే డౌన్ ఈస్ట్’. దొంగపెళ్ళితో మోసపోయి, కన్నబిడ్డను పోగొట్టుకుని, మంచు తుఫానులో ఇంట్లోంచి గెంటివేతకు గురైన అమ్మాయి కథ. చివర్లో ఆమె గడ్డకట్టిన నది మీద స్పృహ తప్పి పడిపోతుంది. మంచు పగులుతుంది. ఆమె పడి ఉన్న పెళ్ళ జలపాతం వైపు కొట్టుకుపోతుంది. ఆమె చెయ్యి, విడిపోయిన జుట్టు నీళ్ళలో ఈడ్చుకుపోతుంటాయి. మాస్టారు చీకట్లో నా భుజం తట్టి, “అదిరా చెయ్యి” అన్నారు.

ఆమె పేరు లిలియన్ గిష్. అది నిజమైన నది, నిజమైన మంచు. వెర్మాంట్ రాష్ట్రంలో వైట్ రివర్ జంక్షన్ అనే చోట ఆ దృశ్యాలు తీశారు. చెయ్యీ జుట్టూ నీళ్ళలో వేలాడాలన్న ఊహ ఆమెదే. దర్శకుడు డి.డబ్ల్యు. గ్రిఫిత్ సరేనన్నాడు. ఆ పెళ్ళ మీద ఆమె మళ్ళీ మళ్ళీ పడుకుంది, మళ్ళీ మళ్ళీ చెయ్యి నీళ్ళలో వదిలింది. ఆ వేళ్ళ నరాలు జీవితాంతం పూర్తిగా కోలుకోలేదు.

మన లాక్షణికులు అభినయాన్ని నాలుగుగా చెప్పారు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. మూకీకి వాచికం లేదు. తెర మీద పెదవులు కదులుతాయి, మాట వినబడదు. పద్దెనిమిదేళ్ళ వయసు నుంచి ముప్పై అయిదు దాకా, అంటే నటికి గొంతు పండే వయసంతా, ఈమె గొంతు లేకుండా బతికింది. ఆ లోటును చేతులతో, కళ్ళతో, మెడ వంపుతో పూడ్చింది. తెర మీద నటించడమంటే ఏమిటో లోకానికి తెలియని రోజుల్లో దానికి వ్యాకరణం రాసినవాళ్ళలో ఈమెది పెద్ద పీట అని నా గట్టి నమ్మకం.

1893 అక్టోబర్ 14న ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో పుట్టింది. ఐదో ఏట చెల్లెలు డొరొతీ. తండ్రి నిలకడ లేని మనిషి, తాగుడు. సంసారాన్ని వదిలేసి పోయాడు. తల్లి మేరీ ఇద్దరు పిల్లల్ని పెంచడానికి ముఖానికి రంగు పూసుకుంది. ఆ రోజుల్లో అక్కడి మర్యాదస్తుల ఇళ్ళలోనూ నాటకమంటే చిన్నచూపే. 1902లో ఒహాయోలోనే రైజింగ్‌సన్ అనే చిన్న ఊళ్ళో లిలియన్ తొలిసారి స్టేజీ ఎక్కింది. అప్పటికి తొమ్మిదేళ్ళు నిండలేదో, అప్పుడే నిండాయో. తర్వాత తల్లి ఒక ట్రూపులో, తను ఇంకో ట్రూపులో. రైళ్ళలో నిద్ర, చవక హోటళ్ళలో తిండి. చిన్నపిల్లలతో నాటకాలాడించకూడదన్న చట్టాలు కొన్నిచోట్ల ఉండేవి, అధికారుల కంటపడతామన్న భయం ఒకటి. బడి చదువు అంతంత మాత్రమే. సురభి నాటక కుటుంబాల్లో ఉయ్యాల్లోంచి నేరుగా స్టేజీ మీదికి దిగిన పిల్లల్ని ఎరిగిన మనకు ఈ బాల్యం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే. సురభి పిల్లల వెనక ఒక పెద్ద కుటుంబం ఉండేది. ఈ పిల్ల చాలాసార్లు కన్నవాళ్ళెవరూ పక్కన లేకుండా తిరిగింది.

ఆ తిరుగుళ్ళలో వీళ్ళలాంటిదే ఇంకో నాటకాల కుటుంబం పరిచయమైంది. అందులో గ్లాడిస్ స్మిత్ అనే అమ్మాయి ఉండేది. 1912లో గిష్ అక్కచెల్లెళ్ళు ఒక సినిమాలో గ్లాడిస్ కనబడితే ఆశ్చర్యపోయి, ఆమెను వెతుక్కుంటూ న్యూయార్క్‌లో పద్నాలుగో వీధిలో ఉన్న బయోగ్రాఫ్ స్టూడియోకు వెళ్ళారు. గ్లాడిస్ అప్పటికే మేరీ పిక్‌ఫర్డ్ అయిపోయింది. ఆమె వీళ్ళను గ్రిఫిత్ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కెవరో చెల్లెలెవరో గుర్తుపట్టలేక ఆయన ఒకరి జడకు నీలం రిబ్బను, ఇంకొకరి జడకు ఎరుపు రిబ్బను కట్టించాడు. బెదిరిన ముఖాలు ఎలా ఉంటాయో చూడ్డానికి పిస్తోలు తీసి పేల్చాడు. ‘యాన్ అన్‌సీన్ ఎనిమీ’ అనే చిన్న సినిమా అలా మొదలైంది.

గ్రిఫిత్ దగ్గర పని గురువు దగ్గర శుశ్రూషలా ఉండేది. కెమెరా తిప్పేముందు కథంతా నాటకంలాగే రిహార్సల్ చేయించేవాడు. ఒళ్ళు వంగడానికి నటీమణులకు డెనిషాన్ అనే నృత్యశాలలో పాఠాలు. ఆ శాల పెట్టినవాళ్ళలో ఒకరు రూత్ సెయింట్ డెనిస్, మన రాధ పేరుతో నృత్యం కట్టుకుని పేరు తెచ్చుకున్నావిడ. సినిమా కెమెరా ముఖానికి దగ్గరగా వస్తే స్టేజీ మీద చేసే పెద్ద పెద్ద చేష్టలు వెగటు పుట్టిస్తాయని లిలియన్‌కు త్వరగా తెలిసిపోయింది. తగ్గించడం నేర్చుకుంది.

1919 నాటి ‘బ్రోకెన్ బ్లాసమ్స్’ దగ్గర కాసేపు ఆగుతాను. లండన్‌లో లైమ్‌హౌస్ పేట. తాగుబోతు బాక్సర్ తండ్రి, అతని చేతిలో రోజూ దెబ్బలు తినే పిల్ల లూసీ. పాతికేళ్ళ లిలియన్ ఆ పసిపిల్లగా నటించింది. నవ్వమని తండ్రి గద్దిస్తాడు. నవ్వడం తెలియని ఆ పిల్ల రెండు వేళ్ళు పెదవుల చివర్లకు ఆనించి పైకి నెట్టుకుంటుంది. కళ్ళలో మాత్రం భయం అలాగే ఉంటుంది. ఆ రెండు వేళ్ళ అభినయం కూడా ఆమె ఊహే. చివర్లో పిల్ల చిన్న అలమర గదిలోకి దూరి తలుపేసుకుంటుంది, తండ్రి గొడ్డలితో తలుపు నరుకుతుంటాడు. ఎటూ వెళ్ళడానికి చోటులేక ఆ ఇరుకులో ఆమె గుండ్రంగా తిరుగుతుంది, గోడల్ని తడుముతుంది, నోరు తెరుచుకుంటుంది. ఆ అరుపు మనకు వినబడదు. వినబడకపోవడం వల్లే నన్ను ఇప్పటికీ వెంటాడుతుంది. ఆ సినిమాలో ఒక చైనా యువకుడి వేషం తెల్లజాతి నటుడు రిచర్డ్ బార్తెల్‌మెస్ వేశాడు. ఇవాళ చూస్తే అది గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా.

అంతకంటే పెద్ద ముల్లు ఇంకొకటుంది. దాని గురించి చెప్పకుండా ఈ ఉపన్యాసం ముగిస్తే మాస్టారు నన్ను క్షమించరు. 1915లో గ్రిఫిత్ ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ తీశాడు. లిలియన్ అందులో ప్రధాన పాత్రధారి. సినిమా తీసే పద్ధతిలో అదొక మైలురాయి. కథలో విషం. నల్లజాతివాళ్ళను మృగాల్లా, వాళ్ళను చంపే కూ క్లక్స్ క్లాన్ ముఠాను రక్షకుల్లా చూపించింది. నల్లజాతి హక్కుల సంఘం ఎన్ఎఎసిపి ఊరూరా అడ్డుకోవడానికి పోరాడింది. చచ్చిపోయిన క్లాన్ అదే ఏడాది జార్జియాలో మళ్ళీ లేచింది. లిలియన్ బతికినంతకాలం గ్రిఫిత్‌ను సమర్థిస్తూనే వచ్చింది. గురుభక్తి అనుకోవచ్చు. అయితే గురువు తప్పు చేసినప్పుడు శిష్యురాలు నోరు విప్పకపోవడం చిన్న లోపం కాదు. ఒహాయోలో బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయం 1976లో తన సినిమా హాలుకు గిష్ సోదరీమణుల పేరు పెట్టింది. నల్లజాతి విద్యార్థుల అభ్యంతరం మీద 2019లో తీసేసింది. తీసెయ్యవద్దంటూ పెద్ద పెద్ద నటులు, దర్శకులు ఉత్తరం రాశారు. ఆ హాల్లో రోజూ కూర్చోవలసిన పిల్లల మాటకే ఎక్కువ బరువుండాలని నేననుకుంటాను. ఆమె నటన మీద నాకున్న గౌరవం దానివల్ల తగ్గదు.

గ్రిఫిత్‌ను వదిలాక ఇటలీ వెళ్ళి రెండు సినిమాలు చేసి, ఎంజీఎంలో చేరింది. కథ, దర్శకుడు, తోటి నటుడు వీటిలో తన మాట చెల్లేలా చూసుకుంది. స్వీడన్ దర్శకుడు విక్టర్ షోస్ట్రోమ్‌తో 1926లో ‘ది స్కార్లెట్ లెటర్’, 1928లో ‘ది విండ్’. రెండోది ఆమె తానే ఎంచుకున్న కథ. టెక్సాస్ ఎడారిగాలికి మతి చలించే ఒంటరి స్త్రీ. మొహావీ ఎడారిలో తీశారు. 120 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ. గాలి కోసం విమానాల ప్రొపెల్లర్లు పెట్టి ఇసుకను ముఖం మీదికి కొట్టారు. ఒకరోజు ఇనుప తలుపు పిడి పట్టుకుంటే చేతి చర్మం దానికే అంటుకుపోయిందని ఆమె చెప్పుకుంది. మంచులో ఆ చెయ్యి, ఎండలో ఈ చెయ్యి. నా లెక్కలో అమెరికన్ మూకీల్లో ‘ది విండ్’ను మించింది లేదు. అయితే అది విడుదలయ్యేసరికి జనం టాకీల వెంట పడ్డారు. ఈమె మీద ఏదైనా అపవాదు పుట్టిస్తే టిక్కెట్లు తెగుతాయని స్టూడియో అధిపతి లూయీ బి. మేయర్ సలహా ఇచ్చాడనీ, తాను ఒప్పుకోలేదనీ లిలియన్ చెప్పింది. ఒప్పందం ముగిసింది.

అప్పుడామెకు ముప్పై అయిదు. ఇక్కడే నాకామె అందరికంటే ఎత్తుగా కనబడుతుంది. మన దగ్గర సురభి కమలాబాయి లాంటివాళ్ళు స్టేజీ మీద పండించుకున్న గొంతుతో టాకీలోకి వచ్చారు. లిలియన్ ఎదురు దారిలో నడిచింది. 1913 తర్వాత మళ్ళీ 1930లో బ్రాడ్‌వేకి వెళ్ళి చెహోవ్ ‘అంకుల్ వాన్యా’లో హెలెనాగా నిలబడింది. తెర మీద మహారాణిగా వెలిగినావిడ పదిమందిలో ఒకరుగా నాటకంలో కలిసిపోయింది. లేని వాచికం అప్పుడు సంపాదించుకుంది. 1932లో కొలరాడోలోని సెంట్రల్ సిటీలో పాత ఆపెరా హౌస్ తెరిచినప్పుడు ‘కమీల్’. 1936లో జాన్ గీల్‌గుడ్ హామ్లెట్‌కు ఒఫీలియా. షికాగోలో ‘లైఫ్ విత్ ఫాదర్’ ఏడాదికి పైగా రోజూ ఆడింది. 1953లో హార్టన్ ఫూట్ రాసిన ‘ది ట్రిప్ టు బౌంటిఫుల్’ ముందు టెలివిజన్‌లో, అదే ఏడాది బ్రాడ్‌వేలో. కొడుకూ కోడలి ఇరుకింట్లోంచి పారిపోయి, చచ్చేలోపు పుట్టిన ఊరు చూడాలని బస్సెక్కే ముసలమ్మ పాత్ర.

సినిమా ఆమెను పూర్తిగా వదల్లేదు. ‘డ్యుయల్ ఇన్ ది సన్’కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. 1955లో చార్లెస్ లాటన్ ‘ది నైట్ ఆఫ్ ది హంటర్’ తీయబోతూ గ్రిఫిత్ పాత సినిమాలు వేయించుకు చూసి ఈమెను పిలిచాడు. అనాథ పిల్లల్ని సాకే రేచెల్ కూపర్. రాత్రివేళ ఒళ్ళో తుపాకీ పెట్టుకుని ఊగే కుర్చీలో కూర్చుంటుంది. బయట హంతకుడు రాబర్ట్ మిచమ్ భక్తిగీతం పాడుతుంటాడు. ఆమె భయపడదు, తనూ అదే పాటకు గొంతు కలుపుతుంది. 1916లో ‘ఇంటాలరెన్స్’లో ఆమెకు ఒకే పని, ఉయ్యాల ఊపడం. ముప్పై తొమ్మిదేళ్ళ తర్వాత కుర్చీలో ఊగుతూ మళ్ళీ పిల్లల్నే కాస్తోంది. ఈసారి ఆమెకు గొంతుంది.

పెళ్ళి చేసుకోలేదు. తల్లి 1948లో పోయింది. అదే ఏడాది గ్రిఫిత్ పోయాడు. 1968లో చెల్లెలు డొరొతీ పోయింది. 1971లో గౌరవ ఆస్కార్ ఇచ్చారు. 1987లో వచ్చిన ‘ది వేల్స్ ఆఫ్ ఆగస్ట్’ను మెయిన్ రాష్ట్రపు దీవిలో తీసేటప్పుడు ఆమె తొంభై మూడో ఏట ఉంది. వినికిడి బాగా తగ్గింది. చూపు పోయిన తోబుట్టువుగా బెట్టీ డేవిస్. ఆమె తెల్లని పొడుగాటి జుట్టును లిలియన్ దువ్వుతుంది. మాటలు పెద్దగా లేవు. ఆ చేతుల్ని చూడండి. 1993 ఫిబ్రవరి 27న, వందకు కొన్ని నెలల ముందు, న్యూయార్క్‌లో నిద్రలోనే వెళ్ళిపోయింది. అక్కడి సెయింట్ బార్తొలొమ్యూ చర్చిలో తల్లి, చెల్లెలి అస్థికల పక్కనే ఆమె అస్థికలు ఉంచారు. ఆమె వీలునామా ప్రకారం అక్కచెల్లెళ్ళ పేరున 1994 నుంచి కళాకారులకు పురస్కారం ఇస్తున్నారు.

చివరి పాతికేళ్ళలో ఆమె ఇంకో పని చేసింది. పాత రీళ్ళు వెంటబెట్టుకుని ఊళ్ళు తిరిగి మూకీల గురించి ఉపన్యాసాలిచ్చింది. సినిమాలను భద్రపరచండని వెళ్ళిన చోటల్లా అడిగింది. కారణముంది. అమెరికాలో తీసిన మూకీ కథాచిత్రాల్లో దాదాపు 70 శాతం ఇవాళ లేవని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో లెక్క తేల్చింది. మన సంగతి ఇంకా దారుణం. రఘుపతి వెంకయ్య, ప్రకాశ్‌లు మద్రాసులో తీసిన ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు ఒక్కటీ మిగల్లేదు. అందులో ఎవరి చేతులు ఏం చేశాయో మనం ఎన్నటికీ చూడలేం.

మాస్టారి నాటకాల రికార్డింగులు, ఫోటోలు, కరపత్రాలు, మీ తాతముత్తాతల రంగస్థలపు సామాను మీ అటకల మీద, ట్రంకు పెట్టెల్లో ఉండే ఉంటాయి. ఈ వానాకాలం రాకముందే వాటిని కిందికి దించండి. సినిమా రీళ్ళయితే పుణెలోని నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌కు రాయండి. మిగతావి ఇక్కడికి తెచ్చివ్వండి. వెనక గదిలో రెండు బీరువాలు ఖాళీ చేయించి ఉంచాం.