సెర్బీయుల సువార్త గ్రంథము



సెర్బియా పేరు చెప్పగానే మనవారికి 1914వ సంవత్సరమున సారాయెవోలో మ్రోగిన తుపాకి జ్ఞప్తికి వచ్చును. దానినిగూర్చి పలువురు పలుమార్లు చెప్పియున్నారు. తాటాకు పుస్తకముల నడుమ వయస్సు గడపినవాడను గనుక, నేను ఆ జాతివారి వ్రాతపుస్తకములకు ఇరువదవ శతాబ్దిలో కలిగిన గతిని చెప్పదలచితిని.

పండ్రెండవ శతాబ్ది చివర హుమ్ అను సీమను మిరోస్లావు అను ప్రభువు పాలించుచుండెను. సెర్బీయుల ప్రాచీన రాజవంశమునకు మూలపురుషుడైన స్తెఫాన్ నెమాన్యాకు ఈయన సోదరుడు. ఈయన క్రీస్తు సువార్తలను వ్రాయించెను. పదునుచేసిన తోలుపత్రములు 181, సిరిల్లిక లిపి, శీర్షాక్షరములకు రంగులు, బంగారు పూత. మన లేఖకులు గ్రంథాంతమున తమ పేరు వ్రాసికొనునట్లే, గ్లిగోరియె అను లేఖకుడును అందు తన పేరు నిలుపుకొనెను. సెర్బీయ భాషకు ఇంతకంటె ప్రాచీనమును సుందరమునైన సాక్ష్యము లభించుట అరుదు.

ఈ గ్రంథము గ్రీసు దేశమున ఆథోస్ పర్వతముమీది హిలాందార్ మఠమున శతాబ్దములపాటు భద్రముగ నుండెను. 1840 ప్రాంతములందు ఉస్పెన్‌స్కీ అను రుష్యా మతాచార్యుడు అందొక పత్రమును తీసికొనిపోగా అది పీటర్సుబర్గు చేరెను. చదువుకొన్నవాడే యీ పని చేసెనని చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. 1896లో సెర్బియా రాజు అలెగ్జాండర్ ఒబ్రెనోవిచ్ ఆ మఠమును దర్శింపగా సన్యాసులు గ్రంథమును ఆయనకు కానుకగా నిచ్చిరి. మరుసటి యేడే ల్యుబోమిర్ స్తోయనోవిచ్ అను పండితుడు వియన్నాలో దానికి ఛాయాచిత్ర ప్రతులు అచ్చువేయించెను. ఈయన పేరు గుర్తుంచుకొనవలెను.

1903 జూన్‌లో ఒక రాత్రి సైనికోద్యోగులు రాజభవనమున జొరబడి రాజును, రాణి ద్రాగాను చంపిరి. ఒబ్రెనోవిచ్ వంశము అంతరించినది. కరజోర్జెవిచ్ వంశజుడగు పీటరు రాజయ్యెను. ఆ కల్లోలమున సువార్త యేమయ్యెనో లోకమునకు తెలియలేదు. పది సంవత్సరములకు మించి దాని జాడ లేదు. తుదకు మహాయుద్ధకాలమున పీటరు రాజు పెట్టెలలోనే బయటపడినది!

1915 శరత్తున ఆస్ట్రియా, జర్మనీ, బల్గేరియా సేనలు ఇరుప్రక్కల పైబడగా సెర్బియా సైన్యమునకు నిలువ చోటు లేకపోయెను. లొంగిపోక, అది దేశమునే విడిచి అల్బేనియా, మాంటెనీగ్రో కొండలకు నడచెను. సైన్యము వెంట ప్రజలు, పిల్లలు, ఖైదీలుకూడ. మంచు మోకాలు దిగబడుచున్నది, తిండి లేదు, బండ్లు నడచు దారి లేదు. ఫిరంగులను తామే పాడుచేసి విడిచిరి. ఏడుపదులు దాటిన పీటరు రాజు కొంత ఎద్దుబండిమీద, కొంత కాలినడకను సాగెను. త్రోవలో చచ్చినవారు వేలకు వేలు. ఫిరంగులను సైతము విడిచినవారు పుస్తకమును మాత్రము విడువలేదు. అది సముద్రతీరము చేరి, మిత్రరాజ్యముల యోడలపై కోర్ఫు ద్వీపమునకు పోయి, యుద్ధాంతమున బెల్‌గ్రేడునకు తిరిగివచ్చెను.

ఇక రెండవ యుద్ధము. 1941 మార్చి 25న యుగోస్లావియా ప్రభుత్వము హిట్లరు పక్షమున చేరుచు సంతకము చేసెను. రెండు దినములలో సేనానులు ఆ ప్రభుత్వమును కూలద్రోసి, పదునేడేండ్ల బాలుడగు రెండవ పీటరును సింహాసనమెక్కించిరి. జనులు వీథులలో ఆనందించిరి. హిట్లరు మండిపడెను. ఏప్రిల్ 6, ఆదివారము ఉదయమున, యుద్ధప్రకటనమైనను లేకయే జర్మను విమానములు బెల్‌గ్రేడుపై బాంబులు కురిపించెను.

కొసాన్‌చిచ్ వీథిలోని జాతీయ గ్రంథాలయము 1832లో స్థాపింపబడినది. అందు లక్షలకొలది అచ్చుపుస్తకములు, 1300లకు పైబడిన ప్రాచీన వ్రాతప్రతులు, శాసనపత్రములు, పత్రికలు ఉండెను. అన్నియు కాలి బూడిదయైనవి. సైన్యాగారము కాలినచో యుద్ధధర్మమనవచ్చును. వ్రాతప్రతులు ఎవరికి శత్రువులు? మన సువార్త ఆ మందిరమున లేదు గనుక బ్రదికినది. ద్రీనా నది సమీపమున రాచా మఠమునందు దానిని దాచియుంచిరి. పిదప బెల్‌గ్రేడు జాతీయ ప్రదర్శనశాలకు చేరెను. రాజభవనపు హత్యను, మంచుకొండలను దాటినది నిలిచెను. చక్కని మందిరమున బీరువాలలో నున్నవి పోయినవి.

గ్రంథాలయమునకు వ్రాచార్ మిట్టమీద క్రొత్త భవనము కట్టి, 1973లో ఆ ఏప్రిల్ 6వ తేదీనాడే తెరచిరి. పాత మందిరపు పునాదులు నేటికిని కొసాన్‌చిచ్ వీథిలో అట్లే యున్నవి.

స్తోయనోవిచ్ పండితుడు, రాజు హతుడైన ఆ 1903లోనే, గ్రంథాలయమందలి వ్రాతప్రతుల కొక పట్టిక ప్రకటించియుండెను. పట్టిక సిద్ధముచేయుట యెంత విసుగుపుట్టించు పనియో చేసినవారికే తెలియును. ఈయన కొంతకాలము ప్రధానమంత్రియు నయ్యెను గాని ఆ సంగతి నేడు తలచువారు తక్కువ. 1930లో గతించెను, తాను వర్ణించిన ప్రతులు కాలుట ఆయన చూడలేదు. వానిలో నేమున్నదో తెలియగోరువారు నేడు మొదట తెరచునది ఆ పట్టికనే.